కట్టాక చూడకూడని ఇల్లు

జనవరి ఆఖరు. ఈ యేడూ మంచు మొహం చాటేసింది.
సైమా సరస్సు గడ్డకట్టింది గానీ
దీవి ఒడ్డున ఒక్క దిబ్బ లేదు,
ఎవరో ఊడ్చి పోయిన వసారాలా ఉంది.

హిల్క్కా బర్మాతో ఐసుకి బెజ్జం పెట్టి
కొలకర్ర దించి చూసింది.
"జానెడు పైనే. ఒకరి వెనక ఒకరు రండి."

తలా ఒక పార.
ముప్పై రెండేళ్లు బస్సు తోలిన భుజాలు నావి,
పది పారలకే గొణిగాయి.
పక్కన కుర్రాడు ఆంటెరో
చెమటకి టోపీ తీసేసి, చలికి మళ్లీ పెట్టుకుని,
మళ్లీ తీసి.

నడుమెత్తు దిబ్బ, ఎనిమిది మీటర్ల పొడవు.
పార వీపుతో తట్టి తట్టి గట్టిచేశాం.
ఇల్లు కట్టి చూడమంటారు.
ఇది కట్టాక చూడకూడని ఇల్లు.

ఆమె కిందినుంచి వస్తుంది,
నల్లటి నీళ్లలోంచి, గోళ్లతో ఐసు గీరుకుంటూ.
మా దిబ్బ కడుపులో గది తవ్వుకుంటుంది.
నేలలోనే గుమ్మం.
ఫిబ్రవరిలో పురుడు.

ఎప్పుడో సముద్రం వెనక్కి తగ్గుతూ
ఈ సీల్‌లని ఇక్కడ మరిచిపోయిందట.
ఇన్ని వేల ఏళ్లలో తిరిగొచ్చి అడగలేదు.
మిగిలినవి కొన్ని వందలు.

ఎందుకొచ్చావని నన్నెవరూ అడగలేదు.
అడిగితే చెబుదామనే ఉంది:
ఎనభై తొమ్మిది, మే నెల, నా వల.
చేప అనుకుని లాగాను, బరువుకి సంతోషపడ్డాను కూడా.
కళ్లు తెరిచే ఉన్నాయి.
మీసాల మీద నీటి బొట్లు.
"పాలు మరిచి ఎన్నాళ్లయిందో" అంది ఐలి,
ఇంకేం అనలేదు, ఆ రోజు గానీ తర్వాత గానీ.
వల తగలబెట్టబోయాను.
నైలాన్ కాలదు, కరిగి ముద్దవుతుంది.
ఆ ముద్ద ఇంకా షెడ్డులో, రంగు డబ్బాల వెనక.

మూడు రోజుల్లో ఐదు దిబ్బలు.
వచ్చిన దారినే, అడుగులో అడుగేసుకుని
వెనక్కి తిరిగొచ్చాం.
తర్వాత రెండు నెలలు
ఆ వైపు పడవా లేదు, స్కీ లేదు.
రాత్రి వాన పడితే మాత్రం లేచి కూర్చునేవాణ్ణి.
మార్చిలో వానేమిటి!

ఏప్రిల్‌లో హిల్క్కా ఫోను.
ఒకటి వానకి కూలింది. ఒకదాన్ని నక్క తవ్వింది.
రెండింట్లో ఎవరూ దిగలేదు.
"మూడోదాంట్లో గది ఉంది. తెల్ల వెంట్రుకలు,
పిడికెడు. కూనవి."
ఫొటో పంపిస్తానంది. వద్దన్నాను.
ఏ గోడవైపు అని మాత్రం అడిగాను.

"ఒడ్డువైపు. పెద్ద రాయి పక్కన."

అది నేను తట్టిన గోడే కావచ్చు.
ఆంటెరోది కూడా కావచ్చు.