తీటా చిన్నదైనప్పుడు

తొమ్మిదింటికి గణితం.
డాక్టర్ ప్రోథెరో సుద్దముక్కని సగానికి విరిచి
"ఒక ఎప్సిలాన్ ఇవ్వండి" అంటాడు,
చేబదులు అడిగినట్టు.
ఎంత చిన్నదిచ్చినా సరే,
దానికి తగిన డెల్టాని వెతికి చేతిలో పెడతాడు.
గంటంతా కూర్చుని మేం తేల్చుకున్నది
గీతకి ఎక్కడా చిల్లు లేదని.

తర్వాత పరుగు.
రెండు భవనాల మధ్య నూట పద్నాలుగు మెట్లు
(గెథిన్ నూట పదమూడంటాడు,
నేలని మెట్టుగా ఒప్పుకోడు).
అబెరిస్ట్విత్‌లో వాన పైనుంచి పడదు,
సముద్రం వైపునుంచి అడ్డంగా వస్తుంది.
నోట్సులో ముందు తడిసేది ఎప్పుడూ నిరూపణే.

పదకొండుకి ఫిజిక్సు.
డాక్టర్ మెరెరిడ్ అదే శ్రేణిని బోర్డు మీద రాసి
మొదటి పదం దగ్గరే ఆగి
మిగతావాటిని కూరలో కరివేపాకులా ఏరి పారేస్తుంది.
"తీటా చిన్నది. కాబట్టి సైన్ తీటా అంటే తీటాయే."
"ఎంత చిన్నది?" అన్నాను.
క్లాసంతా నా వైపు తిరిగింది.
"ఓహో, నువ్వు ఆ భవనం పిల్లవా!"

ఆ భవనంలోనేమో
జవాబు పక్కన మీటర్లు రాశానని
ప్రోథెరో ఎర్రసిరాతో సున్నా చుట్టాడు.
"ఆ బూట్లు గుమ్మం బయట విడిచి రా, హెలెద్."

రెండు పడవల మీద కాళ్ళు పెట్టావే, అంది నెస్టా అత్త.
పీతల పడవ నడిపే మనిషి,
ఆవిడ నోట పడవంటే పడవే.
"మధ్య ఎడం పెరగకముందే దూకు" అంది.
ఎటు దూకాలో చెప్పలేదు.

గురువారం ప్రయోగశాల.
నేనూ, గెథిన్, ఒక ఇత్తడి గుండు,
మీటరుకి ఒక సెంటీమీటరు తక్కువ దారం.
ఇరవై ఊపులు లెక్కపెట్టాలి.
మాది వెల్ష్ లెక్క, మా ఇళ్ళలో పాత పద్ధతి:
పద్దెనిమిదంటే రెండు తొమ్మిదులు,
పందొమ్మిదంటే పదిహేను మీద నాలుగు.
రెండు తొమ్మిదుల దగ్గర ఇద్దరికీ నవ్వొచ్చింది,
ఒక ఊపు లెక్కలోంచి జారిపోయింది.
జీ విలువ ఎనిమిది పాయింట్ తొమ్మిది.
ఆ మధ్యాహ్నం భూమి కాస్త పట్టు సడలించిందని
గెథిన్ రిపోర్టులో రాయబోయాడు.
నేనే కొట్టేశాను.

ఫిబ్రవరిలో గెథిన్ ఒక్క భవనానికే మారిపోయాడు.
కోపమేం లేదు.
"అక్కడైతే జవాబు తడవదు" అన్నాడు.

ఆ వారం నేనొక్కదాన్నే గుండుని
అరవై డిగ్రీలు పైకెత్తి వదిలాను.
ఎవరూ చిన్నదనలేని కోణం.
ఐదు ఊపులు.
పుస్తకం ప్రకారం పది సెకన్లలోపు రావాలి,
పది పాయింట్ ఆరొచ్చింది.
మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.
అప్పుడు ఏరి పారేసిన పదాలు గుర్తొచ్చాయి.
మొదటిదాన్ని వెనక్కి పిలిచి కలిపాను,
గడియారానికి ఇంచుమించు దగ్గరికొచ్చింది.
రెండోదాన్నీ కలిపాను,
అది ఎంత చిన్నదంటే
మీట నొక్కే నా బొటనవేలి తడబాటులో
కనపడకుండా మునిగిపోయింది.

మీట మీద వేలు అలాగే ఉంచి నిలబడ్డాను.
ఏడాదిన్నరగా ప్రోథెరో అడుగుతున్న అప్పు
ఇదన్నమాట.
ఎప్సిలాన్ నా చేతికే ఉంది,
గోరు దగ్గర కాస్త సిరా మరక కూడా ఉంది దానికి.

సాయంత్రం ప్రొమెనేడ్ చివరిదాకా నడిచాను.
అక్కడి ఇనుప కమ్మీని కాలితో తన్ని
వెనక్కి తిరగడం ఈ ఊరి ఆనవాయితీ.
ఎందుకో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు,
నిరూపణ ఎవరి దగ్గరా లేదు.
తన్నాను.
బూటులోపల వేలు జివ్వుమంది.
"ఎంత?" అని అడిగేవాడు
ఈపాటికి ఆ భవనంలో
పొడి సాక్సులతో కూర్చుని ఉంటాడు.