టికెట్ ఎనక

రాత్రి డిపోల క్యాష్ అప్పజెప్పి ఇంటికొస్తే
గడప మీద ఇద్దరు కూసోని ఉంటరు:
మా వినీత్, వాని లెక్క.

బోళ్ళు తోమినందుకు పైస లేదు,
అది తిన్నోళ్ళ పని.
తన అంగి తాను మడతవెట్టుకున్నందుకూ లేదు.
ప్లాంటు కాడికి వొయ్యి నీళ్ళ క్యాను సైకిల్ మీద తెస్తే ఐదు.
డాబా మీద మిరపకాయలు ఎండవోసి ఎత్తితే మూడు.
పక్కింటి యాదమ్మవ్వకు పింఛన్ మెసేజ్ సదివిపెడితే
ఏం లేదు.
"అన్నిట్ల అదే కష్టమమ్మా,
నాలుగుసార్లు సదివిపిస్తది" అన్నడు.
నాకు జవాబు దొరకలే.
ఏం లేదు, అన్న మళ్ళ.

నా సంచిల చిల్లర ఎన్నడూ సాలదు.
ఆడోళ్ళకు సున్నా టికెట్,
పంచాయితంత మగోళ్ళ తోనే.
దేవరకొండ బస్సుల రాసిచ్చినట్టే
వీనికీ టికెట్ ఎనక రాసిస్త:
ఎనిమిది బాకీ, కింద గీత, గీత కింద నా పొట్టి సంతకం.
ముందలి అచ్చు నెలకే ఎగిరిపోతది,
ఎనక పెన్ను రాత ఉంటది.
గల్లగురిగిల ఏసుకొని ఊపుతడు.
కాగితాలాయె, మోగవు.
"ఉన్నయిలే" అంటడు, తనకు తానే.

ఆదివారం పైసల్ జేసుకునేటప్పుడు
ఒక టికెట్ తేడా వొచ్చింది.
పదిహేను బాకీ. రాత నాదే.
నేను వానికెన్నడూ పదిహేను పడలే.
"మొన్న నీతోని బస్సుల వొచ్చిన గద,
సీటు కింద దొరికింది. నీ సంతకమే. ఇయ్యి."

పచ్చ తువ్వాల, ఒళ్ళె కోడిపిల్లల గంప.
చింతపల్లిల ఎక్కిండు,
కొండమల్లేపల్లిల పిల్లలను లెక్కవెట్టుకుంట దిగిండు,
పైసలు అడగ మర్సిండు.
ఇది నేనియ్యాల్సిందే బిడ్డా,
నువ్వు తీసుకునేది గాదు.
"మర్సిపోతే నీయి గావా?"

దినాం వేలకు వేలు నా భుజానికి ఊగుతయి.
దిగినంక భుజం మీద వారు గుర్తే మిగులుతది.
ఇది వానికెట్ల చెప్పాలె?
ఆ పదిహేనూ టికెట్ల సుట్టి
క్యాలెండర్ మొలకు గుచ్చిన.

మూడు వారాలు రోజూ అడిగిండు,
కోడిపిల్లల తాత కనవడ్డడా అని.
కనవడలే.

నిన్న రాత్రి చూస్తే మొలకు పైసలు లేవు.
కొత్త టికెట్ ఒకటి ఏలాడుతున్నది.
ఎనక వంకర రాత:
పదిహేను బాకీ, కింద గీత,
గీత కింద, నా లెక్కనే, పొట్టి సంతకం.
బడి కాడ షటిల్ కాక్ అమ్ముతరు, పదిహేనుకు.
లేపి తిడుదామనుకున్న.
మంచం కాడికి వొయ్యి నిలవడి
అట్లనే తిరిగొచ్చిన.

తెల్లారి ఫస్ట్ డ్యూటీకి లేసేసరికి
ఆకిట్ల సైకిల్ టైర్ల తడి.
అరుగు మీద నీళ్ళ క్యాన్లు.
ఒకటి గాదు, మూడు.
ఉండేది ఇద్దరమే మేము.