సులేమాని రాయి

మా లంకలో కుక్కని అదిలిద్దామన్నా
రాయి దొరకదు. తవ్వినకొద్దీ ఒండ్రే.
రాజోలు కాలేజీ మ్యూజియంలో మాత్రం
పచ్చగుడ్డ మీద, అద్దం కింద
సగానికి కోసి నునుపు పెట్టిన సులేమాని రాయి.

గీత మీద గీత,
వరద తీశాక మా గోడ మీద మిగిలే మరకల్లా.
తేనెరంగు, దాన్నానుకుని మీగడ,
నడుమ ఇంకా పూడని చిన్న గుంట.
రెండో సగం ఏమైందని అడిగితే
అటెండరు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

చీటీ మీద: ‘గోదావరి ఇసుక. దాత: ప్రిన్సిపాలు.’

ఊపిరి బిగబట్టి, బకెట్టుతో మునిగి
దీన్ని పైకి తెచ్చిన మా చిన్నాన్న
ఓలేటి పోలయ్య
మ్యూజియం గడప తొక్కలేదెప్పుడూ.
ఇంట్లో దీని మాటొస్తే ఒకటే అనేవాడు:
‘ఆ పూట కూలిలో
ఆ రాయంత ఇసుకకి
కోత పెట్టాడ్రా మేస్త్రీ.’