నీలి అద్దం

జూలై నెల. మిష్కోల్ట్స్‌లో ఆరో అంతస్తు.
పగలంతా తాగిన ఎండని
కాంక్రీటు గోడ రాత్రి పదకొండింటికి
నెమ్మదిగా కక్కుతోంది.
కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి
అమ్మమ్మ టేబుల్ ఫ్యాను దాని పొట్టలోకి తిప్పాను.
అమ్మమ్మ పిరొష్క
కరెంటు బిల్లుతో విసురుకుంటోంది.

నాలుగు పాయింట్ రెండు గిగాహెర్ట్జ్: కొన్ననాటి వేగం.
నాలుగు పాయింట్ ఏడు: నాకు కావలసినది.
మధ్యలో ఉన్న ఆ అరకోసం
మూడు వారాలుగా సరిగ్గా పడుకోలేదు.
"దేనికిరా అంత తొందర?"
"ఊరికే."
నిజమే, ఊరికే.
ఆటలో కూడా తేడా కంటికి ఆనదు.

పేస్టు శనగగింజంత చాలు.
మొదటిసారి ఉసిరికాయంత పెట్టాను.
నాలుగు పక్కలా పొంగింది, పాలు పొంగినట్టు.
అమ్మమ్మ ఇంజెక్షన్ల స్పిరిటుతోనే తుడిచి
మళ్ళీ రాసి, మళ్ళీ బిగించి,
ఎదురెదురు మూలల స్క్రూలు కొంచెం కొంచెంగా.

పరీక్ష మొదలుపెట్టాను.
ఎనభై నాలుగు.
తొంభై ఒకటి. ఫ్యాన్లు ఈల అందుకున్నాయి.
తొంభై ఆరు.
వోల్టేజీ ఇంకాస్త ఎక్కించాను, మొండిగా.
తొంభై తొమ్మిది,
నూరు,
అంతే, వేగం దానంతటదే జారిపోయింది.
మూడు పాయింట్ ఒకటి.
కొండనాలుకకి మందేస్తే
ఉన్న నాలుక ఊడిందన్నమాట.

"ఆగిపోయిందా?"
"లేదు. వేడెక్కితే తనే నెమ్మదిస్తుంది."
"ఎవరు చెప్పారు దానికి?"
"ఎవరూ చెప్పక్కర్లేదు. తయారీలోనే పెట్టారు."
కరెంటు బిల్లు విసరడం ఆగింది.

ఉక్కు కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళు
కొలిమి వేడి పట్టీ రాసిన మనిషి.
ప్రణాళిక నూరు శాతమంటే ఫోర్‌మన్ నూటపన్నెండు అనేవాడట.
గోడమీద ఎర్రసుద్దతో రోజూ కొత్త అంకె.
"కొలిమి చెబుతూనే ఉందిరా, రంగు మారి.
నేను పట్టీలో రాశాను కూడా.
ఎవరూ చదవలేదు."
లోపలి ఇటుక పగిలిన రాత్రి సంగతి
ఆమె అంతకుమించి ఎప్పుడూ చెప్పదు.
అడిగితే మంచినీళ్ళకి లేస్తుంది.
ఈసారీ లేచింది.

తిరిగొచ్చేటప్పుడు చేతిలో గ్లాసు, దాంతోపాటు
అరచేతిలో పట్టే నీలి అద్దం, చెక్క పిడితో.
"దీంట్లోంచి చూస్తే ఉక్కు నిజం చెప్పేది."
ప్రాసెసర్‌కేసి పెట్టి చూశాను.
నీలంగా దుమ్ము కనపడింది.
మళ్ళీ తెరమీద అంకెకే తిరిగాను.

"ఆ వేగానికి అంత కరెంటు పొయ్యాలా?"
వంటకి ఉప్పు గురించి అడిగినట్టు అడిగింది.
పొయ్యాలి అనబోయి ఆగాను.
నిజానికి ఎప్పుడూ తగ్గించి చూడలేదు.

ఒకటి పాయింట్ మూడు ఎనిమిది నుంచి
ఒక్కో మెట్టూ దింపాను.
రెండుసార్లు తెర నీలమై చచ్చింది.
మూడోసారి, నాలుగు పాయింట్ ఐదు దగ్గర,
ఒకటి పాయింట్ రెండు ఆరుతో
గంటసేపు నిలబడింది.
ఎనభై ఒకటి.
ఏడు కాదు. ఐదే.
గెలిచానో రాజీపడ్డానో తేల్చుకోలేక
అమ్మమ్మ ఫ్యాను అమ్మమ్మవైపు తిప్పాను.
అప్పటికే నిద్రపోయింది.

జనవరి వచ్చింది.
కిటికీ అంచున మంచు, గ్యాస్ ధర నెత్తిన.
ఇప్పుడు నా బల్ల వెనక ఓ ముక్కాలిపీట శాశ్వతంగా ఉంది.
వేడిగాలి వచ్చే జాలీకి
ఊలు మేజోళ్ళ పాదాలు ఆనించి కూర్చుంటుంది,
పదబంధం పూరిస్తూ, పెన్సిలు నమిలి.

నిన్న తల ఎత్తకుండానే అంది:
"జోంబోర్,
ఆ మిగతా రెండూ
ఇవాళ కొంచెం ఎక్కించరాదూ?"