నాలుగో రింగు

కార్డు పెట్టడం పెద్ద పనేం కాదు.
రౌటర్ కరెంటు తీసెయ్యి.
వెనక రేకు మూతకున్న రెండు మరలూ విప్పు.
చేతి ఉన్ని తొడుగులు తీసేసి
ముందు ఇనప బల్లని ముట్టుకో.
స్వానేతి చలిలో ఉన్నిలోంచి పుట్టిన నిప్పురవ్వ
కార్డుని లోపల్లోపలే చంపేస్తుంది,
పైకి మచ్చైనా కనబడదు.
గాడిలో పెట్టి తొయ్యి. టక్కుమనాలి.

టక్కుమంది.

కొండ మీద మంచు బరువు తూచే పెట్టెలు పదకొండు.
వాటి లెక్కలన్నీ ఈ గదిలోకొచ్చి
ఒక గాజు తీగ పట్టుకుని కుటాయిసికి దిగిపోతాయి.
మంచు విరిగిపడితే ముందు తెగేది ఆ తీగే.
అందుకని ఈ కార్డు, అందుకని పాత రాగి తీగ,
అందుకని జీపులో తొమ్మిది గంటలు కుదుపులు తిని నేను.

కార్డుకి రెండు రంధ్రాలు, కవలపిల్లల్లా.
ఒకటి లైనుకి, ఒకటి ఫోనుకి.
తారుమారు చేసి
పొద్దుగుంకేదాకా సాఫ్ట్‌వేర్‌ని తిట్టాను.
కాపలాదారు బెసారియోన్ ఏమీ అనలేదు,
వైరు పీకి పక్క రంధ్రంలో పెట్టి
నాకు టీ పోశాడు.

అప్పుడు కార్డు నోరు విప్పింది:
డయల్ టోన్ లేదు.
ఉంది! నా చెవిలో నిక్షేపంగా మోగుతోంది.
నువ్వే దేశంలో ఉన్నావో చెప్పమంది.
జాబితా అంతా వెతికాను, మా దేశం లేదు.
పక్కింటివాళ్ళ పేరు చెప్పి చొరబడబోయాను.
నమ్మలేదు.

ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్న ఎతెరి
నా గోడు విని పకపకా నవ్వింది.
"కాయిల్ మార్చిన ఏడాది నుంచీ
మాది ఒక మెట్టు కిందే మోగుతోందయ్యా.
ఊరివాళ్ళ చెవులకి తేడా తెలీదు.
నీ చెక్కముక్కకి తెలిసిందంటే మంచి చెవే."

ఒక అక్షరం, ఒక అంకె కొట్టాను:
టోన్ కోసం ఆగకు, ఉందనుకుని తిప్పు.
తిప్పింది.
కీచుమని, గరగరమని, బుస్సుమని
ఆ చివర కుటాయిసి పలికింది.

సంబరం అరగంటే.
ఆ లైను మాది కాదు, రొట్టెల త్సియూరిది,
మాకు చీల్చి ఇచ్చారు.
మోచేతుల దాకా పిండితో
మోకాలి లోతు మంచు తొక్కుకుంటూ వచ్చింది:
"నా ఫోన్లో ఎవర్ని కోస్తున్నార్రా?"

బతూమిలో అక్క, వేళాపాళా లేకుండా చేస్తుందట.
మొదటి రింగుకే ఎత్తమని కార్డుకి నేర్పాను నేను.
బేరం సాగింది, చీజు రొట్టె మధ్యలో పెట్టుకుని.
"మూడు రింగుల్లోపు నేను. ఆ తర్వాత నీ దయ్యం."
సున్నా అంటే ఎప్పటికీ ఎత్తదు, ఒకటంటే గొడవ.
నాలుగు అని రాసి, దాచి, దిగొచ్చేశాను.

ఫిబ్రవరి. రాత్రి రెండూ నలభై.
కుటాయిసి తెర మీద పదకొండు పెట్టెలూ ఒక్కసారిగా ఆరిపోయాయి.
నంబరు తిప్పాను.
ఒకటి.
ఆ వేళకి ఆమె మేలుకునే ఉంటుంది, పిండి కలుపుతూ.
రెండు.
ఎత్తి హలో అందా, అయిపోయినట్టే.
మూడు.
మూడుకీ నాలుగుకీ మధ్య
అంత చోటుంటుందని నాకు తెలీదు.

కీచు.

పద్నాలుగు వేల నాలుగు వందల వేగం.
అక్షరం వెనక అక్షరం కుంటుకుంటూ వచ్చాయి.
ఆరో పెట్టె ఖాళీ.
ఏడో దాని మీద ఇంకా నిలబడే ఉంది మంచు, మోయలేనంత.
కింది వాడలో సైరన్ మోగించమన్నాను.

వసంతంలో వెళ్ళి అడిగాను, ఎందుకు ఎత్తలేదని.
"కొండ మూలిగింది. ఆ వెంటనే మోగితే
అది మా అక్కెందుకవుతుంది?"
అంటూ పొయ్యివైపు తిరిగింది.
ఆమె ఫోను రిసీవర్ మీద
ఎండి పగిలిన పిండి, వేళ్ళ ముద్రలు,
గట్టిగా పట్టుకున్నట్టు.

పోయినసారి తిన్న రొట్టె డబ్బులు
ఇంకా ఇవ్వలేదని గుర్తుచేసింది.