ఇంకో పొర ఉండాది

గూడూరు డిగ్రీ కాలేజీ, భోజనాల తర్వాతి పీరియడు.
బోర్డు మీద పదిహేడు పేర్లు రాసి
ఇక వీటిని కొయ్యలేమన్నాను.
సుద్దముక్క చేతిలోనే రెండయింది.
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

మా మేనత్త మస్తానమ్మ
కలిచేడు షెడ్డులో ముప్పై ఏళ్లు మైకా చీల్చింది.
పలక అంచున చాకుమొన ఆనించి
ఊపిరి బిగబట్టేది.
ఒకటి రెండు, రెండు నాలుగు,
చివరికి ఈగ రెక్కలాంటి రేకు
తుమ్మితే ఎగిరిపోయేది.
"ఇదేనా ఆఖరు?"
"చాకుకి ఆఖరు. రాయికి గాదబ్బయా,
ఇంకో పొర ఉండాది."

పలకగా ఉన్నప్పుడు లేతాకు పచ్చ.
చీల్చిన రేకుకి రంగే లేదు.
పచ్చదనం ఏ పొరలో ఉన్నట్టు?
ఈ ప్రశ్న నా పాఠంలో లేదు,
ఎనిమిదేళ్ల వయసులో ఆ షెడ్డు గడప మీద ఉంది.

కాపలాదారు ఆరోగ్యం పులికాట్ మనిషి.
పగలంతా పాత వల బాగుచేసుకునేవాడు.
"రేణువూ లేదు గీణువూ లేదు,
అంతా ఒకటే దారం.
ముడిపడ్డచోట నువ్వు రాయంటావు, ఆమె మైకా అంటది.
విప్పితే ఏముండాది?"
మరి దారాన్ని దేంతో పేనారంటే
పళ్లతో కొస పుటుక్కున కొరికి
"ఆకలేస్తుండాది, పో" అనేవాడు.

మా లాబులో గైగర్ గొట్టానికి
మూతి మీద మైకా రేకు.
గాజు ఆపేసే కణాన్ని అది లోపలికి రానిస్తుంది.
టక్. కాసేపాగి, టక్ టక్.
ఎవరు చీల్చారో డబ్బా మీద రాసిలేదు.

కోట్ల ఏళ్ల కిందట దూసుకుపోయిన కణం గీతని
మైకా ఇంకా దాచుకుంటుందట.
ఎవరూ చూడని సరుకేదో విశ్వాన్ని మోస్తోందని
పాత పలకల్లో దాని అడుగు వెతుకుతున్నారు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో
అత్త ఎక్సరే వెలుతురుకి పట్టుకుని
డాక్టరు పెన్ను మొనతో చుక్కలు చూపించాడు.
అవి ఏ పట్టికలోవో నేనడగలేదు.

గంట కొట్టారు.
"సార్, పరీక్షకి పదిహేడు రాస్తే చాలు గదా?"
చాలన్నాను.
చొక్కా మీది సుద్దపొడి దులుపుకుంటే
కిటికీ ఎండలో అది
ఎంతసేపటికీ కిందికి దిగలేదు.