పాతది, తెలిసే ఉంచాం

నవంబరులో సాయంత్రం నాలుగింటికే
తార్తు ఊరికి దీపాలు పెట్టేశారు.
తల్లి ఏరు అని పేరున్న నది
గడ్డకట్టాలా వద్దా అని ఇంకా
ఒడ్డునే తచ్చాడుతోంది.

మూడో అంతస్తులో మారిట్ కివిసెల్
పదకొండోసారి అదే ఆదేశం కొట్టింది.
పదకొండోసారీ అదే ఎర్ర వాక్యం:
పట్టికలు గీసే చిన్న లైబ్రరీ
దొరకలేదు.

దొరకదు మరి.
దాన్ని రాసినాయన పోర్చుగల్‌లో ఎక్కడో
తేనెటీగలు పెంచుకుంటున్నాడట.
ఆఖరి వెర్షన్ వచ్చి తొమ్మిదేళ్లు.
సున్నా పాయింట్ నాలుగు పాయింట్ రెండు.
ఒకటి కూడా నిండని వయసులో
ఆగిపోయింది.

"కొత్తది పెట్టెయ్" అన్నాడు రైనర్,
మొన్ననే చేరినవాడు, చేతిలో పొగలు కక్కే కాఫీ.
మన భాషలో అయితే
పాత చింతకాయ పచ్చడి అనేవాడు.
వాళ్ల భాషలో ఏమన్నాడో గాని
ముఖం మాత్రం అలాగే పెట్టాడు.

పెట్టి చూసింది.
ఒక్క తప్పూ లేదు. అంతా పచ్చ.
రెండు వందల పన్నెండు పేజీలు
గలగలా వచ్చేశాయి.
రైనర్ కప్పు పైకెత్తాడు.

ఆమె నలభై ఒకటో పేజీ తెరిచింది.
పెయిప్సి సరస్సు, మంచు మందం పట్టిక.
ఎడమన అంకెలు. కుడిన ఎవరు వెళ్లొచ్చో:
మనిషి, స్లెడ్జి, బండి.
అన్నిటికన్నా పైన ఒక ఖాళీ గడి.
కొత్త లైబ్రరీకి ఖాళీ అంటే గిట్టదు.
దాన్ని మింగేసి
కింది వాళ్లందర్నీ ఒక మెట్టు పైకి జరిపింది.
ఎవరూ నిలవకూడని మందం మీద
మనిషి నిలబడి ఉన్నాడు.
స్లెడ్జి ఉండాల్సిన చోట బండి.
అందమైన అక్షరాల్లో.

కాఫీ కప్పు బల్ల మీదికి దిగింది.

సరస్సు ఒడ్డున ఉల్లిపాయలు పండే పల్లెలో
యెఫీమ్ అనే ముసలి జాలరి
ఏటా ఈ ఒక్క పేజీ అచ్చు తీయించి
మైనం పూసి
ఎరల డబ్బా మూత లోపల అంటిస్తాడు.
ఓపెన్ సోర్సంటే తెలీదతనికి.
వెర్షనంటే తెలీదు.
ఖాళీ గడి అంటే తెలుసు:
అడుగు పెట్టకు.

ఆ రాత్రి మారిట్
ఎవరిదో పాత డిస్కు తవ్వి
ఆ లైబ్రరీ నకలు బయటికి తీసింది.
పదిహేడు ఫైళ్లు.
దానికి కావలసిన ఇంకో పాతది,
ఆ పాతదానికి కావలసిన మరీ పాతది,
పెళ్లికి పిలిస్తే
చుట్టాల చుట్టాలు కూడా దిగినట్టు.
సొంత సోర్సులోనే ఓ మూల గది చేసి
అందరికీ చాపలు పరిచింది.
లైసెన్సు మరిచిపోలేదు.
తేనెటీగలాయన పేరు
పొల్లు పోకుండా అక్కడే ఉంది.

ఈ వృత్తిలో ఇది
గొప్పగా చెప్పుకునే పని కాదు.
రేపు ఏ లోపమో బయటపడితే
బాగుచేసే నాథుడు ఎక్కడా లేడు,
ఆమే.
ఆ సంగతి తెలిసే
ఆ గది గుమ్మంలో నాలుగు ముక్కలు రాసి పెట్టింది:

"ఇది పాతది. తెలిసే ఉంచాం.
తీసేసే ముందు నలభై ఒకటో పేజీని
మీ కళ్లతో చూడండి.
పచ్చ రంగును నమ్మకండి."

తర్వాత నెట్ తీగ పీకేసి
పన్నెండోసారి కొట్టింది.
యంత్రం గడప దాటి
ఎవర్నీ ఏమీ అడగలేదు.
ఖాళీ గడి
ఖాళీగానే వచ్చింది.

మర్నాడు పొద్దున రైనర్ ఓ చిన్న పరీక్ష రాశాడు.
ఆ ఒక్క గడిలో ఏదైనా పడితే
కట్టడం మొత్తం ఆగిపోతుంది.
మాటా మంతీ లేకుండా పంపాడు.
మాటా మంతీ లేకుండా ఆమె కలిపేసింది.

కిటికీ కింద ఏటి అంచున
మంచు పట్టింది, గోరు మందాన.
ఒక కాకి దాని మీద కాలు పెట్టబోయి
వెనక్కి తీసుకుంది.